ఫైటర్ కొడుకు కబడ్డీ

మొన్న పని మీద ఫిల్మ్ నగర్ దిక్కు పోతుంటే ఒక సందుల సెల్లార్ కోసం పెద్ద మిషన్ పెట్టి తవ్వుతున్నరు. అంతకు జెర ముందే వాన పడి ఆగింది. తవ్విపోసిన ఎర్ర మొరం కుప్ప మీదికెల్లి గాలి ఇట్ల రాంగనే బండి ఆపేసిన. వెనకున్న కారాయన హారన్ కొట్టీ కొట్టీ, "ఏందన్నా, నడి తొవ్వల నిద్రపోతున్నవా?" అని కోపం జేసుకుంట పక్కకెల్లి పోయిండు. నిద్ర కాదు తమ్మీ, ఆట! ఆ తడి మొరం వాసన ముక్కుకు తగిలిందంటే నాకు ఇప్పటికీ చెప్పులిడిసి, కాలుతోని గీత గీసి, ఎవన్నన్న తొడ గొట్టి పిలవబుద్ధైతది. పొద్దంత కుర్సీల కూసునే నౌకరి నాది, పొట్ట కూడ మంచిగనే పెరిగింది, ఇంట్ల బీపీ గోళీల డబ్బా కూడ ఉంది. అయినా సరే, ఆ వాసనకు నేను మళ్ల ఎనిమిదో తరగతి మల్లేశ్‌నే.

మా బడి షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కే తొవ్వల ఉండేది. ఉత్త మొగపిల్లల బడి. పైన రేకులు, సుట్టూ రాళ్ల గోడ, గోడవతల జూబ్లీ హిల్స్ బంగ్లాలు. ఆ బంగ్లాలల్ల దినాం ఏదో ఒక షూటింగ్ నడిచేది. జనరేటర్ బండి గుర్రుమన్నదంటే చాలు, లెక్కల సారు బోర్డు దిక్కు తిరగంగనే సగం క్లాసు గోడ దునికేది. హీరోలను చూసుటానికేమీ కాదు, మాకు వాళ్లు అలవాటే. మాలో సగం మందిమి సినిమోళ్ల పిల్లలమే. ఒకడి నాయిన లైట్లు మోసేటోడు, ఒకడి పెద్దమ్మ జడలు కట్టేది. మేం దునికేది పగటీలి, బువ్వ తినే యాల్లకు, షూటింగ్ల పంచే పులిహోర పొట్లాలకు, పాత తెర గుడ్డల మీద పొర్లాడుటానికి, ఎవరన్న తిడితే ఉరుకుటానికి. పెద్దసారు మమ్మల్ని పట్టుకొచ్చీ పట్టుకొచ్చీ యాష్టకొచ్చిండు.

అప్పుడు డ్రిల్లు సారు జనార్దన్ గారు ముంగటికొచ్చిండు. నల్లగ, పొట్టిగ, మెడల విజిల్, ఎండకు రంగు పోయిన టోపీ. "సార్, బడి మొదలైన కాన్నుంచి దసరా సెలవుల దాకా ఈ ఒక్క టర్మ్ ఆఖరి రెండు పీరియడ్లు నాకియ్యిండ్రి. ఒక్కడు గోడ దునికినా నా టోపీ తీసి మీ చేతుల పెడ్త" అన్నడంట. పెద్దసారు ఒప్పుకుండు. మరునాడు ప్రార్థన కాడ ఆటల వల్ల కలిగే లాభాల మీద ఒక పెద్ద ప్రసంగం పెట్టిండు: రక్తప్రసరణ, జీర్ణశక్తి, క్రమశిక్షణ, ఏకాగ్రత. మేం ఆవలించుకుంట నిలబడ్డం. మాకు తెలిసిన లాభం ఒక్కటే, పగటీలి తర్వాత లెక్కలు లేవు!

అబ్బో, ఏం టర్మ్ అది! జూన్ల మొదటి వానకు మైదానం మెత్తబడితే, ముగ్గు పిండి తెచ్చి సారే గీతలు గీసిండు. ఒక దిక్కు ఖోఖో, ఒక దిక్కు వాలీబాల్, నడుమ కబడ్డీ. ఆషాఢంల బోనాల డప్పు కింది బస్తీలకెల్లి వినొస్తుంటే ఆ దెబ్బకే కాళ్లు లేసేవి, శ్రావణంల ముసురు పట్టినా ఆట ఆగకపోయేది, బురదల పొర్లి పొర్లి ఎవడు ఎవడో గుర్తు పట్టరాకుండ అయ్యేటోళ్లం. ఇంటికొస్తే ఆకలి, ఆకలంటే మామూలు ఆకలి కాదు. మా అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుండంగనే గుంజుకొని పచ్చి పులుసుల ముంచి మింగుతుంటే, "ఇంట్ల పిల్లగాడున్నడా, యాటపిల్ల ఉందా?" అనేది. పండుకుంటే మళ్ల పొద్దున్నే మెలకువ. అంతకు ముందు దగ్గు మందు లేకుండ ఒక్క వానకాలం గడపనోణ్ని, ఆ ఏడు సీసా మూత తియ్యలే. గోడ దునుకుడు దానంతటదే బంద్ అయింది. జనరేటర్ గుర్రుమంటే గుర్రుమననియ్యి, కూత మీదున్నోనికి అది వినబడ్తదా?

ఇగ నా సంగతికొస్త. మా నాయిన సినిమాలల్ల ఫైటర్. అంటే హీరో చేతుల తన్నులు తినేటోడు. అందరి నాయినలు కొడుకులకు సైకిల్ నేర్పిస్తరు, మా నాయిన నాకు పడుడు నేర్పిండు. నాకు ఊహ తెలిసిన కాన్నుంచి ఐతారం పొద్దున వాకిట్ల గోనె సంచులు పరిచి, "గదుమ ఛాతికి ఆనియ్యి. భుజం మీద పొర్లు. అరచెయ్యితోని నేలను గట్టిగ చరువు, చప్పుడు రావాలె" అని చెప్పుకుంట నా మొఖం దిక్కు చెయ్యి ఊపేటోడు. ఆ చెయ్యి తాకకముందే నేను పడాలె. "తాకినంక పడితే దెబ్బ, తాకకముందే పడితే కూలి" అనేటోడు మా నాయిన. నేను ఎంత మంచిగ పడేటోణ్నంటే, సుట్టాలొస్తే మా అమ్మ చాయ్ పెట్టేలోపు నాయిన నాతోని రెండు సార్లు పడిపిచ్చి చూపెట్టేటోడు.

కబడ్డీల ఇదే నా కొంప ముంచింది. నాకు బలముంది, ఉరుకుడుంది, కాని ఎదుటోడు కూతకొచ్చి ఇట్ల కాలు విసిరిండనుకో, ఆ కాలు నాకు జానెడు దూరంల ఉండంగనే నా పెయ్యి, తల నుంచి కాలి దాకా, దానంతటదే గాలిల లేసి, పొర్లి, అరచెయ్యి నేలకు చరిచి, పాణం పోయినట్టు పండుకునేది. మైదానమంత ఒకటే నవ్వు. "కట్! షాట్ ఓకే!" అని అరిచేటోళ్లు. జనార్దన్ సారు విజిల్ నోట్లకెల్లి తీసి వచ్చిండు.

"ఎవడు తాకిండురా నిన్ను?"

"ఎవ్వరు తాకలే సార్."

"మరెందుకు పడ్డవ్?"

"కాలు వచ్చింది కద సార్."

సారుకు నవ్వాల్నో కొట్టాల్నో సమజ్ కాలే. దసరా సెలవులు ఇచ్చే రోజు రహమత్ నగర్ దిక్కు ఒక బడితోని మ్యాచ్ ఉంటదని అప్పటికే చెప్పి ఉండె. "ఏడుగురిల నువ్వొకనివి కావాల్నంటే పడుడు బంద్ చెయ్యాలె. పడేటోడు నా టీమ్ల వద్దు" అని ముక్కు మీద గుద్దినట్టు చెప్పిండు. ఆ రాత్రి నాకు బువ్వ సయించలే. లోకంల నాకు ఇంకేమొద్దు, ఆ ఏడుగురిల నేనుండాలె, గంతే.

నా దోస్తు కిరణ్ అని ఒకడుండె. కోస్తా నుంచి వచ్చినోళ్లు. వాళ్లమ్మ హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పేది. ఇంట్ల ఆమె పొడుగు పొడుగు డైలాగులు ఒక్క ఊపిరిల సాధన చేస్తుంటే పక్కన కూసోని వీడు కూడ చెప్పి చెప్పి, వాని కూత ఎంత పొడుగంటే వాడు మొదలు పెట్టినంక మనం మంచినీళ్లు తాగొచ్చు. సారు నన్ను వానికి అప్పజెప్పిండు. సాయంత్రం అందరు పోయినంక వాడు నా ముంగట నిలబడి మొఖం మీదికి చెయ్యి విసిరేటోడు, ఇద్దరు చిన్న పిల్లలు నా కాళ్లకు వేలాడేటోళ్లు, నేను నిలబడాలె. పడేటోణ్ని.

"ఒరేయ్, నేను కొట్టనురా బాబూ! ఒట్టు! ఎందుకలా పడిపోతావ్?" అని నెత్తి పట్టుకునేటోడు కిరణ్.

ఒక దినం పొద్దుగూకినంక నాయిన గడంచె మీద కూసోని భుజానికి నువ్వుల నూనె రాసుకుంటుండు. ఆ దినం షూటింగ్ల మిద్దె మీదికెల్లి అట్టపెట్టెల మీద పడ్డడంట. నేను పక్కకు పోయి కూసోని, "నాయినా, పడకుండ ఉండాల్నంటే ఎట్ల?" అని అడిగిన. అన్ని తెలిసిన మనిషి అనుకున్న నేను. ఆయన నూనె రాసే చెయ్యి ఆపిండు.

"గది నాకు తెల్వదు బిడ్డా. నాకు పడుడే నేర్పిన్రు" అని నవ్విండు.

ఆ నవ్వుకు నాకు దుఃఖమొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెల్వలే. మరునాటికెల్లి నేను పంతం పట్టిన. పడితే లేసిన, లేస్తే మళ్ల నిలబడ్డ, కిరణ్ చెయ్యి వస్తుంటే కండ్లు మూసుకోకుండ వాని అరచెయ్యిల గీతలు చూసిన. పెద్దల అమావాస్య వచ్చేసరికి చెయ్యొచ్చినా పెయ్యి ఊగుతుండె గని నేల మీద పడకుండైంది. సారు నా అంగీ వెనక సున్నంతోని ఏడో నంబర్ రాసి పోయిండు. నేను ఆ అంగీ ఇంట్ల ఉతకనియ్యలే, మా అమ్మతోని తిట్లు తిన్న.

మ్యాచ్ రోజు బతుకమ్మ పండుగల దినాలు. మా చెల్లె తెచ్చిన రొట్టె బెల్లం మలీద ముద్దలు టీమంత పంచుకొని తిన్నం, కిరణ్ మూడు మింగి, "ఇంత మంచిది ఇన్నాళ్లూ దాచారా!" అని కొట్లాటకు దిగిండు. రహమత్ నగర్ పిల్లలు వచ్చిన్రు, వామ్మో, ఒక్కొక్కడు ఎద్దు లెక్క ఉన్నడు. వాళ్లెంబడి వాళ్ల గల్లీ గల్లీ కదిలొచ్చింది. గోడ మీద జనం, చెట్ల మీద జనం, పెద్దసారు గొడుగేసుకొని కుర్సీల కూసుండు. మా నాయినకు షూటింగ్ ఉండె, రానని ముందే చెప్పిండు.

ఆట మొదలైంది. వాళ్లొక పాయింట్, మేమొక పాయింట్, గొంతులు పోయినయి. కిరణ్ కూతకు పోయి ఇద్దరిని కొట్టొచ్చిండు, మళ్ల పోయి దొరికిండు. ఆఖరికి వాళ్లు మాకన్న ఒక్క పాయింట్ ముందున్నరు, మిగిలింది ఒక్క కూత. సారు అందరి దిక్కు చూసి, నా దిక్కు వేలు చూపెట్టిండు.

గప్పుడే గేటు కాడ గలాట. జనం ఇటు సగం అటు సగం జరుగుతున్నరు. చూస్తే మా నాయిన! షూటింగ్ల నుంచి మేకప్ కూడ కడగకుండ సీదా ఉరికొచ్చిండు. చెంప మీద ఇంత పొడుగు కత్తి గాటు, నోటికెల్లి ఎర్ర రంగు కారుతుంది, బనీను చినిగి పీలికలు. పెద్దసారు కుర్సీలకెల్లి లేసి వెనక్కి జరిగిండు. రహమత్ నగర్ గల్లీ మొత్తం సప్పుడు బంద్! ఆ మేకప్ల నేను తప్ప ఆడ ఎవ్వరు ఆయనను గుర్తు పట్టలే. నేను కూత అందుకొని గీత దాటిన.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ... మూలకున్నోని భుజం తాకిన. తిరుగుదామనేసరికి ఒకడు మడిమె పట్టిండు. ఇంకొకడు నడుము. మూడోడు మీదికి దునికిండు, వాని చెయ్యి నా మొఖం దిక్కొస్తుంది. అయిపోయింది అనుకున్న. నా గదుమ అప్పుడే ఛాతికి ఆనింది, భుజం కిందికి వంగింది, పెయ్యికి తెలిసిన పని పెయ్యి చేస్తుంది.

"పడకు బిడ్డా! పడకు!"

నాయిన గొంతు. పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి "పడు" అని చెప్పిన గొంతే అది. చెంప మీద దొంగ గాయం, నోట్ల దొంగ నెత్తురు, కండ్లల్ల మాత్రం అసలు నీళ్లు. "నిలబడురా! నిలబడు!" అని గుండె పలిగేటట్టు ఒర్రుతుండు. నా మెడ ఎట్ల లేసిందో నాకు తెల్వదు. ముగ్గురు వేలాడుతుంటే ఒక అడుగేసిన. ఊపిరి అయిపోవస్తుంది, చెవులల్ల గుయ్యిమంటుంది, నోట్ల కూత మాత్రం ఇడువలే. ఇంకో అడుగు. కింద మొరం జారుతుంది. ఇంకొకటి. నా కుడికాలు బొటనవేలు ముగ్గు గీత మీద పెట్టి, నిలబడ్డ! నిలబడే ఉన్న!

సారు విజిల్ ఊదలే, విజిల్ ఎక్కడనో పడేసుకొని చేతులు ఊపుతుండు. కిరణ్ నా మీద పడి మెడ పిసుకుతుండు. నాయిన నన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని మైదానమంత తిప్పుతుంటే, ఆయన మేకప్ రంగంత నా అంగీకి అంటింది. పెద్దసారు ఆ భుజం కిందనే ఉరుక్కుంట "ఏకాగ్రత! ఏకాగ్రత!" అని అరుస్తుండు.

ఇప్పుడు ఆ మైదానం లేదు. అక్కడ అద్దాల ఫంక్షన్ హాల్ ఉంది, దాని ముంగట కార్లు పెట్టుకునే జాగలనే మా గీతలుండేవి. బడిని ఎటో కలిపేసిన్రు. జనార్దన్ సారు పోయి చాన ఏండ్లైంది. కిరణ్ విశాఖపట్నంల ఉన్నడు, ఫోన్ చేస్తే ఇప్పటికీ మనల్ని మాట్లాడనియ్యడు. అట్టపెట్టెల మీద పడే ఫైటర్లు కూడ తక్కువైన్రు, తాళ్లు కట్టి గాలిల తిప్పుతున్నరంట. ఆ మ్యాచ్ ఫోటో ఒక్కటి లేదు. అప్పుడు ఫోన్లల్ల కెమెరాలెక్కడివి?

ఉన్నదల్లా మా నాయిన నోట్లనే ఉంది. మోకాళ్లు పోయినయి, చేతికర్ర వచ్చింది, కాని ఇంటికెవరొచ్చినా ఆ కథ మొదలు పెడ్తడు. వెనుకట సుట్టాలొస్తే ఫలానా సినిమాల ఫలానా కాడ పడ్డది నేనే అని చెప్పేటోడు. ఇప్పుడు ఆ ముచ్చట ఎత్తడు. ఇది చెప్తడు. చెప్పినకొద్దీ నా కాళ్లకు వేలాడేటోళ్లు పెరుగుతున్నరు. ముగ్గురు ఐదుగురైన్రు, ఐదుగురు ఏడుగురైన్రు. మొన్న మా మేనత్త కొడుకు వస్తే అంపైర్‌ను కూడ వేలాడదీసిండు. నేను ఉండబట్టలేక, "నాయినా, పట్టుకున్నది ముగ్గురే కద!" అన్న.

ఆయన నా దిక్కు ఇట్ల చూసి, చిన్న పిల్లగానికి చెప్పినట్టు చెప్పిండు: "నువ్వు గీత దిక్కు చూస్తున్నవ్ బిడ్డా. ఎనుక ఎంతమంది గుంజుతున్నరో నీకేం ఎరుక? నేను చూసిన."