రొంటిన దోపిన పఫ్

ఇలా కూర్చో గుంటా, పెన్ను ఆడించకుండా సరిగ్గా విని రాయి.

అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపులో ఏడో నెల. చింతపల్లి నుంచి షేర్ జీపులో ఘాట్ దిగుతున్నాం. మంచు, చలి. మీ అమ్మకి ఉబ్బసం కదా, ఆయాసం ఎత్తుకుంది. సంచీ అంతా వెతికింది, ఊపిరాడ్డానికి నోట్లో పీల్చే పఫ్ లేదు.

ఎలా ఉంటుంది? నా రొంటిన ఉంది. మానొద్దని డాక్టరమ్మ చెప్పినా, ఆ మందు కడుపులో బిడ్డకి తగులుతుందని భయపడి పొద్దున్నే నేనే తీసి దోపుకున్నాను. మీ అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. అయినా నా చెయ్యి రొంటి మీద నుంచి కదల్లేదు.

ఎదురుగా మిరియాల మూట ఒళ్లో పెట్టుకున్న కొండ ఊరి ఆవిడ నా చేతినే చూస్తోంది.

"అక్కడేటి దాసినావమ్మా?" అంది మెల్లగా.

"పఫ్. లోపల గుంటకి మంచిది కాదని..."

"తల్లికి ఊపిరాడకపోతే గుంటకి మంచిదేటి? బేగి ఇయ్యి." అరచెయ్యి చాపింది.

ఇచ్చేశాను. మీ అమ్మని నిటారుగా కూర్చోబెట్టి పఫ్ నోటికి అందించింది. రెండు మలుపులు దిగేసరికి మీ అమ్మ కళ్లు తెరిచి, "ఎక్కడ దొరికింది?" అంది.

నేను తల వంచుకున్నాను.

"నీ సంచి అడుగునే ఉందమ్మా," అందావిడ, నా వైపు చూడకుండా. తర్వాతి ఊళ్లో మూటెత్తుకుని దిగిపోయింది.

అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా మీ అమ్మ సంచిలో పఫ్ ఉందో లేదో నేనే చూస్తాను. నాకెంత జాగ్రత్తో అని అందరికీ చెప్పుకుంటుంది. అసలు సంగతి ఇన్నేళ్లయినా మీ అమ్మకి నేను...

"అమ్మా, అన్నం సల్లారిపోతంది, బేగి రా."

అదిగో, మీ అమ్మే పిలుస్తోంది. వస్తన్నానే.