నేను రాయని పావుగంట

ఒక సారు తరగతి గురించి నేను సగమే రాశాను. మిగతా సగం చూసి కూడా రాయలేదు. దానివల్ల ఏం జరిగిందో తెలిశాక కూడా, అడిగిన మనిషికి వెంటనే నిజం చెప్పలేదు. ఇక్కడైనా పూర్తిగా చెప్పాలి.

తొంభైల చివర్లో చిక్కడపల్లిలో, మందుల దుకాణం మీది అంతస్తులో, స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. రెండు గదుల ఇన్‌స్టిట్యూట్. సర్కారు బడిలో రిటైరై వచ్చిన ఒకాయన సాయంత్రం బ్యాచ్ చూసేవారు. పెద్దసారు అనేవాళ్లం. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పల్లెటూరి పిల్లలే అందులో ఎక్కువ. ఆ బ్యాచ్ అంటే ఆయనకు ప్రాణం.

ఆ రోజుల్లోనే నేను ఈమెయిల్ మీద నడిచే ఒక శిక్షణలో చేరాను. ఇంగ్లీషు సొంత భాష కాని చోట ఇంగ్లీషు చెప్పే టీచర్లకు అది. వారానికో పాఠం వచ్చేది, వారానికో పని రాసి పంపాలి. బ్రెజిల్, పోలండ్, టర్కీ టీచర్లు రాసినవి అందరికీ వచ్చేవి. నాకు సొంత అడ్రసు లేదు, ఇన్‌స్టిట్యూట్‌కు ఉన్న ఒక్క అడ్రసే వాడుకునేవాణ్ణి. నారాయణగూడ నెట్ సెంటర్లో కూర్చుని వాళ్ల రాతలు చదువుతుంటే, నేనెంత వెనకబడి ఉన్నానో అని బెంగ పుట్టేది.

ఐదో వారం పని, తోటి టీచరు క్లాసు చూసి రిపోర్టు రాయడం. పెద్దసారును అడిగాను.

"నా క్లాసుల ఏముంటది తమ్మీ చూసేటందుకు? సినిమా చూడాల్నంటే క్రాస్‌రోడ్డుకు పో," అని నవ్వారు. "సరే రా. వెనక బెంచీల కూసో. నిద్రొస్తే గోడకు ఒరుగు."

ముప్పావుగంట సేపు బోర్డు మీద వాక్యాలు రాసి, తెలుగులో అర్థం చెప్పి, అందరిచేత ఒక్క గొంతుతో పలికించారు. శిక్షణలో ఏవి చేయకూడదన్నారో సరిగ్గా అవే. వరుసగా రాసుకున్నాను. చివరి పావుగంట సుద్దముక్క పక్కన పెట్టి, ఎవరి గది గురించి వాళ్లను చెప్పమన్నారు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లేచింది. గదిలో ఐదుగురున్నారని, కిటికీ ఒకటేనని, దాని పక్కన కూర్చుని చదివే వంతు తనకు మంగళవారం వస్తుందని ఇంగ్లీషులో చెప్పింది. తప్పులున్నాయి. పెద్దసారు ఒక్కటీ దిద్దలేదు. మంగళవారం ఏం చదువుతావని ఇంగ్లీషులో అడిగారు, అంతే. ఆమె ఇంకా చెప్పింది.

అది నా రిపోర్టులో లేదు. రాస్తే, ఆయన పద్ధతి పాతబడిందని నేను తెలివిగా తేల్చిన మాట నిలబడదు. నేను చాలా నిశితంగా చూశానని పోలండ్ టీచరు మెచ్చుకున్నారు. రెండు రోజులు గాల్లో తేలాను.

పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరంలాగా పంపింది వెళ్లిపోతుందనుకున్నాను. దాని కాపీ మా అడ్రసులోనే ఉంటుందని తెలియదు. ఇన్‌స్టిట్యూట్ ఓనరు చదివారు. పేరు రాయకపోయినా ఎవరి గురించో ఆయనకు తెలియకుండా ఉంటుందా? రిపోర్టు చదివానని నాతో చెప్పి, సాయంత్రం బ్యాచ్ నాకిచ్చి, పెద్దసారుకు పొద్దుటి చిన్నపిల్లల గ్రామరు ఇచ్చారు. టీచర్ల మధ్య తగాదా ఎందుకనేమో, స్టూడెంట్లే ఫిర్యాదు చేశారని పెద్దసారుతో అన్నారట.

మెట్ల దగ్గర పెద్దసారు నన్ను ఆపారు. "తమ్మీ, నా గురించి ఎవరన్న ఏమన్న అన్నరా? నీకెరుకేనా?"

"తెల్వదు సార్."

"ఆ కిటికీ పిల్ల మొన్న ఓనర్ రూంల నుంచి వచ్చుడు చూసిన. ఆమేనేమో. నా ముంగటనే చెప్పొచ్చు కదా. నేనేమన్న కొడ్తనా?"

ఆమె వెళ్లింది సర్టిఫికెట్ కోసమని నాకు తెలుసు. ఊరుకున్నాను.

తర్వాత ఆమె ఎదురై నమస్తే పెడితే ఆయన తల తిప్పుకోవడం రెండుసార్లు చూశాను. "పెద్దసార్‌కు నా మీద ఎందుకు కోపం సార్? నేనేం చేసిన?" అని నన్నే అడిగింది. ఆమెకూ జవాబివ్వలేదు. శిక్షణలో నేర్చుకున్నట్టు పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టాను, కార్డులు పంచాను. ఆమె మాత్రం మళ్లీ నోరు విప్పలేదు. నెల తిరక్కుండానే పెద్దసారు రావడం మానేశారు. కొన్నాళ్లకు ఆమె కూడా మానేస్తానంది.

ఆ సాయంత్రమే రిపోర్టు ప్రింటు తీసుకుని అశోక్‌నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. రాసింది నేనేనని చెప్పి చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశారు.

"గింతేనా? ఆ బిడ్డ మాట్లాడింది ఏది?"

"రాయలే సార్."

"ఎందుకు?"

"రాస్తే మీరు మంచి టీచరని ఒప్పుకోవాల్సొస్తది."

ఆయన కళ్లద్దాలు తీశారు. "నేను ఆమెతోని మాట్లాడుడు బంద్ చేసిన," అన్నారు నెమ్మదిగా. "ఏం చేయని పిల్లతోని."

"తప్పు నాది సార్. మీకు, ఆమెకు, ఇద్దరికీ చేసిన. మీరు మెట్ల కాడ అడిగిననాడన్న చెప్పాల్సింది. నన్ను క్షమించండి. ఆమె ఇప్పుడు చిక్కడపల్లి లైబ్రరీల చదువుకుంటుంటది. మీరు నాతోని రండి సార్, మీ ముంగటనే ఆమెకు గూడ చెప్త."