కుడిపక్క పువ్వు

కంపెనీ బస్సులో నాకు దొరికే సీటు పక్కన కిటికీ పూర్తిగా మూసుకోదు. రెండు వేళ్ల సందు మిగులుతుంది. ఫ్యాక్టరీ ఉన్న తోరణగల్లు చేరేలోపు ఆ సందులోంచి ఎర్రదుమ్ము వచ్చి, సరిగ్గా నేను చదువుతున్న పేజీలోనే కూర్చుంటుంది. డ్రైవరుకు చెప్పాను. రిపేరుకు రాయించానన్నాడు. ఆ తర్వాత సందు మూడు వేళ్లయింది.

ఆ సీట్లో నేను చదివేవి గణాంకాల పుస్తకాలు, సంభావ్యత పుస్తకాలు. లెక్కల మాస్టార్ల కోసం కాదు, ఆసక్తి గల మామూలు పాఠకుల కోసం అని అట్టల మీదే ఉంటుంది. చాలా ఏళ్లుగా నేను ఆసక్తి గల పాఠకుణ్ణే. పక్క సీటాయన ఒకరోజు అట్ట చూసి, "ఏముంటాదప్పా దీంట్లో?" అన్నాడు.

"జరగబోయేది మనకు తెలీదని మూడు వందల పేజీల్లో చెప్తారు" అన్నాను.

"అది తెలీకనా ఇన్ని దినాలు చదువుతాండావు?" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఈమధ్య నా భార్య రొమ్ములో చిన్న గడ్డ కనబడింది. డాక్టరమ్మ సూదితో ముక్క తీసి బెంగళూరు ల్యాబుకు పంపింది. ఇలాంటివి చాలావరకు ఏమీ కావు, రిపోర్టు రానివ్వండి అంది. చాలావరకు అంటే ఎంత అని అడిగాను. ఆమె నన్ను వదిలేసి నా భార్య వైపు తిరిగి, ఈయన ఎప్పుడూ ఇంతేనా అని కన్నడలో అడిగింది. నా భార్య హౌదని తలూపింది.

రిపోర్టు కోసం చూస్తూ అలమరలోని పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. వాటిలో పాచికలున్నాయి, సంచుల్లో రంగురంగుల గోలీలున్నాయి, రేపు వాన పడే అవకాశాలున్నాయి. భయపడిన పాఠకుడి కోసం రాసింది ఒక్కటీ లేదు. డేటా మైనింగ్ పుస్తకం ఒకటి మాత్రం గట్టిగా హెచ్చరించింది. సమాచారాన్ని గుట్టలుగా తవ్వుకుంటూ పోతే మనకు కావలసింది ఎక్కడో ఒకచోట దొరికే తీరుతుందట. దొరికిన చోటు ఒక్కటే చూపించి, దొరకని చోట్లు దాచిపెట్టేవాణ్ణి నమ్మకూడదట. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను.

నా భార్య మామూలుగానే ఉంది. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది, అంతే. ఆమెకు ధైర్యం చెబుదామని ఒక కాగితం మీద వంద చుక్కలు పెట్టి, ఇలాంటి గడ్డ ఉన్న వందమంది ఆడవాళ్లు వీళ్లనుకో అన్నాను. ఎన్ని చుక్కలకు ఎరుపు పూయాలో తెలియక నా చెయ్యి ఆగిపోయింది. ఆమె కాసేపు చూసి, ఆ కాగితం మీద వేడి పాలగిన్నె దించింది.

శనివారం కప్పగల్లు నుంచి మా అత్తగారు ఫోను చేసింది. రిపోర్టు సోమవారం వస్తుందని ఆమెకూ తెలుసు.

"పుస్తకాలు యాడికీ పోవులేప్పా. ముందు అమ్మోరికి పువ్వు పెట్టించు."

పూజారి తడిపూలను అమ్మవారి రెండు భుజాలకూ అతికిస్తాడు. మనం మనసులో అడిగి ఎదురుగా కూర్చోవాలి. కుడిపక్క పువ్వు ముందు రాలితే మంచిది. ఎడమపక్కది రాలితే పూజారి మొహం చూడాలి. నాకు నమ్మకం లేదన్నాను. నమ్మకం తనకుందనీ, నేను పోయి కూర్చుంటే చాలనీ చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద అమ్మవారి గుడికి వెళ్లాను. పువ్వు ఎందుకు రాలుతుందో నాకు తెలుసు. బరువు, తడి, గాలి. తెలిసి కూడా రెప్ప వేయకుండా కూర్చున్నాను. ఎడమపక్కది రాలింది. లేచేటప్పుడు స్తంభం పట్టుకున్నాను. నేల నున్నగా ఉంది.

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, లోపల ఫ్యాను గాలి కుడివైపు నుంచి ఎడమకు కొడుతోందని గుర్తొచ్చింది. అంటే ఆ ప్రయోగం చెల్లదు. తిరుగుదారిలో గాంధీనగర్ దగ్గర ఆంజనేయస్వామి గుడిలో ఆగాను. అక్కడా పువ్వు పెడతారు. అక్కడా ఎడమే. అక్కడి పూజారి ఎడమ పువ్వును నీళ్లలో సరిగా ముంచలేదని నాకు తోచింది. గట్టిగానే తోచింది.

ఇంటికి పోవాలంటే కుడికి తిరగాలి. నేను తిన్నగా పోయాను. వీరభద్రుడి గుడిలో జనం పల్చగా ఉన్నారు. పూజారి పువ్వు పెట్టి ఇంకా చెయ్యి తీసుకున్నాడో లేదో, కుడిపక్కది రాలిపోయింది. ఆ గుడిలో కూడా ఫ్యానుంది, ఇంకా జోరుగా తిరుగుతోంది. ఆ విషయం మీద నాకు అభ్యంతరమేమీ కలగలేదు. కళ్లు తుడుచుకుని బండి తీశాను.

నా భార్య మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మామూలు గొంతుతో, పువ్వు కుడిపక్కే పడిందని చెప్పాను. ఆమె తడిచీర తీగ మీద వేసి, దాన్ని సర్దకుండానే వదిలేసి, దగ్గరికొచ్చి నా మొహం చూసింది. మొహం కాదు, నుదురు. అక్కడ అమ్మవారి కుంకుమ, దాని కింద ఆంజనేయుడి సింధూరం, రెంటికీ పైన వీరభద్రుడి విభూతి ఉన్నాయి.

"మూడు గుళ్లు తిరిగొచ్చినావు" అంది. "ముందు రెండిట్లో యా పక్క పడిందో అది చెప్పు."