కోతపండుగ వేలంలో అవ్వ రోలు

ఊపిరినీ నోటినీ ఇచ్చి, ఆ నోరు ఎప్పుడు మూసుకోవాలో కాస్త ఆలస్యంగానైనా నేర్పిన దేవునికి ముందుగా స్తోత్రాలు. ఆయన అంత ఓపికగలవాడు కాకపోయుంటే నా వ్యాపారం పెనుకొండ దాటకముందే ముగిసేది.

ఆ రోజుల్లో మాకు ఏది కావాలన్నా చర్చి సంఘంలో చెప్పేయడం అలవాటు. ఆదివారం వాక్యం బోధించడానికి ముందు ప్రార్థన మనవుల సమయం ఉంటుంది. ఎవరి ఎనుము ఈనలేదో, ఎవరి అల్లుడికి బదిలీ కావాలో లేచి చెబుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. పదో తరగతి ఫలితాల నుంచి డిగ్రీలో తప్పిన లెక్కల పేపరు దాకా (రెండుసార్లు) నేనూ అక్కడే చెప్పుకొని పెరిగాను. అందువల్ల వ్యాపారం సంగతి దాచిపెట్టడం నాకు అవిశ్వాసంలా తోచింది.

వ్యాపారమంటే మా అవ్వ రోట్లో దంచే చెనక్కాయల పొడి. ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న నేను దాన్ని పొట్లాలు కట్టి పెనుకొండలోనూ హిందూపురంలోనూ బేకరీలలో పెడితే, ఎవరూ అనుకోనంతగా పోయింది. బెంగళూరులో ఒక పెద్ద అంగడివాళ్ళు, అచ్చు కవరూ వెబ్‌సైటూ ఉంటే నెలనెలా సరుకు తీసుకుంటామన్నారు. 'అవ్వ రోలు' అని పేరు పెట్టుకున్నాం. (అంతకుముందు పరిశుద్ధ గ్రంథంలోంచి నేను ఏరుకున్న పేర్లన్నీ ఎవరో ఒకరు అప్పటికే రిజిస్టరు చేసుకొని ఉన్నారు. విశ్వాసులు వ్యాపారంలో ఇంత చురుకని నాకు అప్పుడే తెలిసింది.) హిందూపురంలో ట్రేడ్‌మార్కు పనులు చూసే లాయరమ్మ వెతికి, ఈ పేరు ఎవరికీ లేదని, ఇంటర్నెట్‌లో ఆ పేరుతో డొమైన్, అంటే వెబ్‌సైటు చిరునామా, కూడా ఖాళీగానే ఉందని, దాన్ని ఇప్పుడే కొనేస్తే దరఖాస్తు సంగతి తాను చూసుకుంటానని చెప్పింది. ఆదివారం సంఘంలో ప్రార్థన చేయించి సోమవారం కొంటానన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు కాసేపు చూసింది. అది గౌరవమనుకున్నాను. కవర్లు మాత్రం ఆ సాయంత్రమే వెబ్‌సైటు చిరునామాతో సహా అచ్చుకిచ్చి వచ్చాను. ప్రార్థన ఎలాగూ ఫలిస్తుంది కదా!

ఆదివారం లేచాను. మా సంఘంలో మైకు చూసుకునే పెద్దాయనను మేమంతా మైకు మామ అంటాం. ఆయన మైకు తెచ్చి చేతికిచ్చాడు. పేరు చెప్పాను, డొమైన్ అంటే ఏమిటో వివరించాను, దాన్ని ఫోనులో ఎట్లా కొనాలో కూడా చెప్పాను. వినేవాళ్ళకు ప్రార్థించాలన్న భారం కలగాలని, "ఇది ఇంకా ఎవరూ కొనలేదు, ఎవరైనా కొనేయొచ్చు" అని రెండుసార్లు నొక్కి చెప్పాను. మా ఆరాధన యూట్యూబులో లైవ్ పోతుందన్న సంగతి నాకు తెలియక కాదు. ఇంకా ఎక్కువమంది ప్రార్థిస్తారని సంతోషించాను.

సోమవారం పొద్దున చూస్తే డొమైన్ పోయింది. కొన్నవాళ్ళ పేరు కనబడదు. లాయరమ్మకు ఫోను చేస్తే ఒకే మాట అంది: "పేరు దేవునికి ఎప్పుడైనా చెప్పుకోప్పా. జనానికి మాత్రం దరఖాస్తు వేసినాక చెప్పల్ల." ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఆ పూటే నా పేరున వేసేసింది. కానీ డొమైన్ కోసం కొట్లాడాలంటే నెలలు పడుతుందట. బెంగళూరువాళ్ళు నెలాఖరులోగా వెబ్‌సైటు చూపమన్నారు. మూటలకొద్దీ కవర్ల మీద ఎవరిదో చిరునామా.

నా అనుమానం ధర్మవరం ఊరగాయల అన్న మీదికి పోయింది. మా లైవ్ తప్పకుండా చూసే విశ్వాసి, పైగా పొడులు కూడా అమ్ముతాడు. బస్సెక్కి పోయాను. "ఏమబ్బా, ఊరకనే రావే నువ్వు" అంటూ లోపలికి పిలిచి, రాగిముద్ద పెట్టించి, తినేముందు కళ్ళు మూసుకొని అవ్వ రోలును పేరుతో సహా ఎత్తి ప్రార్థించాడు. ఆయన ముఖంలో దొంగతనం కనబడుతుందేమోనని నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఆయన భార్య కూడా కళ్ళు తెరిచే ఉంది, నన్నే చూస్తూ. అడగాలనుకున్నది అడగకుండానే తిని తిరుగు బస్సెక్కాను.

ఆ తరువాతి ఆదివారం మా కోతపండుగ. పంటలో మొదటిది ఎవరికి తోచింది వాళ్ళు తెస్తే, వేలం వేసి వచ్చింది సంఘానికి జమ చేస్తారు. ఒకసారి పళ్ళెంలో పెట్టినదాన్ని ఎంత దగ్గరివాడైనా వేలం పాడే తీసుకోవాలి. గుమ్మడికాయలు, పుంజులు అయ్యాక మైకు మామ ఒక కాగితాన్ని పళ్ళెంలో పెట్టి పైకెత్తాడు. "మన పిల్లోడు ఆపొద్దు ఈడ నిలబడి, ఎవురన్నా కొనేస్తారేమో అన్న్యాడు. నాకు మనసు నిలవల్యా. ఎవురూ కొనకముందే నేనే కొనేసినా. ఇప్పుడు దేవునికి ఇచ్చేస్తాండా. పాడండి."

కాగితం మీద నా డొమైన్ ఉంది. దొంగ దొరికినందుకు సంతోషించాలో, నా పేరును నేనే వేలంలో పాడాల్సి వచ్చినందుకు ఏడవాలో తెలియలేదు. కూర్చున్నచోటే చెయ్యెత్తి పాడాను. పందిరి గుంజ అవతల, ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో చెయ్యెత్తి నా మీద పెంచారు. నేనూ పెంచాను. ఆ చెయ్యి మళ్ళీ లేచింది. ఎవరో ధర్మవరం నుంచి వచ్చిన ధనవంతురాలనుకున్నాను. చివరికి నా దగ్గర పెంచడానికి ఏమీ మిగలక చెయ్యి దించేశాను. మైకు మామ మూడోసారి అనగానే పళ్ళెం అందుకోవడానికి గుంజ అవతలి నుంచి మా అవ్వ నడిచి వచ్చింది.

"ఎవుడో మొగోళ్ళ పక్కనుంచి వదలకుండా పాడతాండె. నా రోలు వానికి పోనిస్తానా?" అంది నాతో.

"అది నేనే అవ్వా."

"మరి లేసి చెప్పల్ల గదరా. చెప్పగూడని చోట చెప్తావు, చెప్పేచోట కూచుంటావు."

ఆ పాట డబ్బు కట్టడానికి అవ్వ గొర్రెపిల్లలు రెండు పోయాయి. వెబ్‌సైటు నెలాఖరుకు ముందే తెరుచుకుంది, బెంగళూరుకు సరుకు పోయింది. పేరూ డొమైనూ ఒకరి చేతిలోనే ఉండాలని లాయరమ్మ అంటే, అయితే వాడి పేరున వేసిన దరఖాస్తే నా పేరుకు మార్చమంది అవ్వ. మార్చాం. డొమైన్ గడువు ముగిసే ప్రతిసారీ ఓటీపీ ఆమె ఫోనుకే వస్తుంది. అది ఎవరికీ చెప్పకూడదని ఎవరో ఆమెకు గట్టిగా నేర్పారు. నేను ఆమె మంచం పక్కన కూర్చొని బతిమాలుకోవాలి.

మైకు పట్టుకొని లోకానికంతా తాళం చెవి ఎక్కడుందో చెప్పిన ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వే గాని కోపం రాదు. ఈరోజు నేను ఏ పేరూ దరఖాస్తు వేయకముందు నా భార్యకైనా చెప్పను. కానీ విన్న అంతమందిలో నా పేరు ఎత్తుకుపోయినవాడు ఒక్కడే, వాడూ నా కోసం దాచినవాడే. అంత ధైర్యంగా నోరు తెరవగలిగిన రోజులు ఇక రావు. అవ్వకు కళ్ళు మసకేస్తున్నాయి, ఫోను మీది అంకెలు కనబడడం లేదు. ఈ నెలలో ఆపరేషను. చదివిన మీరు ఆ చూపు కోసం మాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి.