కొత్త కెప్టెన్ కోటు

మా ఆయన ముక్తియార్‌కు పుంగనూరులో టైలర్ షాపు. ఊళ్ళో పిల్లలు మాత్రం ఆయన్ని కెప్టెన్ అంటారు. మదనపల్లె కేబుల్ చానెల్లో ఆదివారం ఆదివారం వచ్చే ‘చుక్కల దారి’ సీరియల్లో పద్దెనిమిదేళ్ళుగా ఆకాశనౌక నడిపేది ఆయనే. టమోటా బాక్సులకు వెండి కాగితం అంటించిన నౌక అది. అయినా దాంట్లో కూర్చుని ఆయన హుకుం జారీ చేస్తే నాకే ఒళ్ళు జలదరించేది. ఇంట్లో గ్లాసుడు నీళ్ళు కూడా తనంతట తాను ముంచుకోడు, అది వేరే సంగతి.

రంజాన్ అయిన వారానికి సీరియల్ తీసే దొరస్వామి షాపుకొచ్చాడు.

“మోకాళ్ళు పట్టుకుంటాండాయి గదప్పా నీకు. బండలెక్కలేకుండావు. కొత్త కెప్టెన్ను పెడతాండాం. కుప్పంలో ల్యాబు టెక్నీషియన్, నిఖిత అని. కోటు మటుకు నువ్వే కుట్టాల” అన్నాడు.

మా ఆయన మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ఆ పిల్ల నటించి పంపిన వీడియో ఫోన్లో పదిసార్లు చూశాడు, చూసిన ప్రతిసారీ ఒక వంక. గొంతు పీల. నడక బాగాలేదు. చివరికి, “ఆ పండ్లు సూడు, కెప్టెన్ అట్ల నవ్వుతాడా?” అన్నాడు. నిజానికి ఆ పిల్ల నవ్వు చూడముచ్చటగా ఉంది. ఆ మాటంటే ఇంట్లో యుద్ధమే, అందుకే నోరు మూసుకున్నాను.

మా షాపులో ఆడవాళ్ళ కొలతలు తీసేది నేనే. ఆయన తెర అవతల నిలబడి నేను చెప్పింది రాసుకుంటాడు. నిఖిత వచ్చినప్పుడూ అంతే. ఛాతీ ముప్పై ఆరు అని రెండుసార్లు చెప్పాను.

షూటింగు కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో. మా సీరియల్లో వేరే గ్రహమంటే అదే. పాత కెప్టెన్ తన చేత్తో కొత్త కెప్టెన్‌కు కోటు తొడగాలి, ఆమె గుండీలు పెట్టుకుని సెల్యూట్ కొట్టాలి. ఆయన తొడిగాడు. నిఖిత ఎంత లాగినా గుండీ కాజా దాకా రాలేదు. నాలుగంగుళాలు ఎడం.

“కొలత ఎట్ల తీసినావమ్మా?” అని దొరస్వామి నా మీద పడ్డాడు.

ఇరవై ఐదేళ్ళుగా టేపు పట్టిన చెయ్యి నాది. తల కొట్టేసినట్లయింది. ఆయన వైపు చూశాను. ఆయన బండల వైపు చూస్తున్నాడు. అప్పుడర్థమైంది నాకు. కట్టుకున్న పెళ్ళాన్ని పదిమందిలో దోషిగా నిలబెట్టేంత కుళ్ళా! కత్తెర నా చేతిలో ఉంటే ఏం చేసేదాన్నో.

“ఆంటీ తప్పు కాదు సార్. ఈ నెల్లో నేనే లావైనా” అంది నిఖిత.

అబద్ధం. ఆ పిల్ల కాస్త చిక్కింది కూడా.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “కొలత సరిగ్గానే ఉండాదప్పా. నేనే కావాలని బిగించి కుట్టినా. ఇంకొకరు ఆ కోటేసుకుంటే సూళ్ళేక” అన్నాడు.

ఆయన కోటు విప్పించుకుని బండ మీద కూర్చున్నాడు. పక్క కుట్టు విప్పితే లోపల గుడ్డ అంతా మడతల్లో అలాగే ఉంది. కత్తిరించింది నా కొలతకే, కుట్టింది తన కుళ్ళుకి. గుడ్డ కోసి పారెయ్యడానికి మాత్రం ఆ మనిషికి చెయ్యి రాలేదు. మిషను లేదు కాబట్టి చేత్తోనే కుట్టాం, ఒక పక్క ఆయన, ఒక పక్క నేను.

నిఖిత ఒక్క టేకులో సీను ముగించింది. జనం చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను, “ఎట్ల చేసింది?” అని.

“కోటు బాగా కూసునింది” అన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, పుంగనూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.