డెస్మండ్ మామయ్య సెలవుల్లో వాన కురవలేదు

మా డెస్మండ్ మామయ్య సెలవుల్లో ఉండగా వాన కురవడమన్నది ఎన్నడూ జరగలేదు. ఆయన టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారిన మాట నిజమే. బూటు విప్పి వంపితే టీ కప్పు నిండిన మాటా నిజమే. కానీ అది వాన కాదు. ఏమిటని అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. వాన అని మాత్రం ఆయన చేత ఎవరూ అనిపించలేకపోయారు.

ఇంగ్లండులో వాల్సాల్ అనే ఊళ్లో మామయ్యది కొళాయిల పని. ఎవరింటి గడపలో అయినా కాలు పెడుతూనే, "మేడ మీద స్నానాలగదిలో కొళాయి కారుతోందమ్మా" అని చెప్పేసేవాడు. అంత పదునైన చెవి. అటువంటి మనిషికి ఏడాదికో వారం, వేల్స్ కొండల్లో మిసెస్ ప్రాసర్ పొలంలోని కాటేజీకి చేరగానే, ఆకాశమంతా కారుతున్నా చుక్క వినబడేది కాదు.

"మీ మామయ్యకి నీళ్లు కనబడాలంటే అవి గొట్టంలోంచి రావాలి" అనేది ఆడ్రీ అత్తయ్య.

ఆ వారం కాటేజీలో ఐదుగురం ఉండేవాళ్లం. మామయ్య, అత్తయ్య, మా అమ్మ, నేను, తమ్ముడు కీత్. అమ్మ పేరు బెరిల్, మామయ్యకి చెల్లెలు. నేను బళ్లో చదువుతుండగానే నాన్న మమ్మల్ని వదిలి వేరే కాపురం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అమ్మ తాళాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ మమ్మల్ని పెంచింది. ఏడాది పొడుగునా ఆమెకి దొరికే సెలవు ఆ ఒక్క వారమే.

కాటేజీలో తెల్లారిందంటే మామయ్య కిటికీ పరదా సర్రున లాగేవాడు. బయట కొండ కనబడేది కాదు. గోడ అవతలి గొర్రెలు కూడా కనబడేవి కాదు. అద్దం మీద నీళ్లు కాలువలు కట్టేవి.

"ఆహా! ఏం రోజు! లేవండర్రా, ఎండ ముదరక ముందే బయల్దేరాలి!"

"మామయ్యా, వాన పడుతోంది" అనేవాడు కీత్ దుప్పట్లోంచి.

"వానా? ఏదీ? చెట్లు తల విదిలించుకుంటున్నాయిరా."

"కిటికీ దగ్గర చెట్టే లేదు."

"దూరం నుంచి విదిలిస్తున్నాయి. గాలి ఉంది కదా."

తుంపర పడితే "పొగమంచు కరుగుతోంది" అనేవాడు. ముసురు పడితే "మబ్బు కాస్త అలిసిపోయి కిందికి దిగింది." కుండపోతగా కురిస్తే "గాలిలో ఈవేళ కాస్త తేమ ఉన్నట్టుందే" అని ఒప్పుకునేవాడు, అదీ చాలా ఆలోచించాక. ఒకసారి ఉరిమితే మా అందరి వంకా చూసి, "మిసెస్ ప్రాసర్ మంచాలు జరుపుతోంది. పెద్దావిడ, వెళ్లి సాయం చెయ్యరాదూ?" అన్నాడు. కారులో వైపర్లు వేసేది అద్దం మీద దుమ్ముకి. రెయిన్‌కోటు పేరు ఆయన నోట "గాలికోటు". గొడుగు తెస్తానంటే మాత్రం నొచ్చుకునేవాడు. "ఎండకా? అంత నాజూకు వాళ్లమా మనం?"

బీచికి వెళ్లిన రోజు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మేం మెట్లు దిగుతుంటే జనమంతా తువ్వాళ్లు నెత్తిన వేసుకుని ఎదురు పరిగెడుతున్నారు. మామయ్య వాళ్లకి పక్కకి జరిగి దారి ఇస్తూ, ఒక్కొక్కరికీ టోపీ ఎత్తి "థాంక్యూ, థాంక్యూ" అంటున్నాడు.

"ఎందుకు మామయ్యా థాంక్యూ?"

"మన కోసం బీచి ఖాళీ చేసిపోతున్నారు కదమ్మా. ఎంత మర్యాదస్తులో!"

ఐస్‌క్రీములమ్మే ఆయన కొట్టు తలుపు సగం దించేశాడు. మామయ్య వంగి ఆ సందులోంచి ఐదు ఐస్‌క్రీములు అడిగాడు.

"ఇప్పుడా?" అన్నాడు కొట్టాయన.

"ఇంత ఎండలో ఇప్పుడు కాక ఎప్పుడు తింటామండీ?"

కొట్టాయన ఆకాశాన్ని చూశాడు, మామయ్యని చూశాడు, ఒడ్డున చాప పరుస్తున్న అత్తయ్యని చూశాడు. ఏమనుకున్నాడో, ఒక్కో ఐస్‌క్రీము మీద రెండు చాక్లెట్ పుల్లలు గుచ్చి ఇచ్చాడు. ఆ ఐస్‌క్రీము మేం తిన్నకొద్దీ పలచబడింది గానీ తరగలేదు. మా ఇసుక కోట కట్టినంతసేపు కూడా నిలవలేదు. "కోటకి కందకం ముఖ్యం, అది దానంతటదే నిండుతోంది చూశారా!" అని మామయ్య చప్పట్లు కొట్టాడు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

కొండ మీది పాత కోటకి వెళ్లినప్పుడు ఇంకో ముచ్చట. ఆ కోటకి గోడలే గాని కప్పు లేదు. మేం నడిమధ్యన నిలబడి గుడ్డు శాండ్‌విచ్చిలు తింటుంటే, బురుజు గుమ్మంలోంచి కాపలాదారు కేకేశాడు.

"అయ్యా, వాన! పిల్లల్ని తీసుకుని లోపలికి రండి!"

"ఏ వానండీ?" అన్నాడు మామయ్య గడ్డం మీంచి నీళ్లు తుడుచుకుంటూ.

కాపలాదారు గుమ్మం బయటికి చెయ్యి చాపాడు. వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. మళ్లీ చాపాడు.

"మీరు రోజంతా ఆ చీకట్లో కూర్చుంటారు, అందుకే అలా అనిపిస్తుంది. రండి, ఇలా వచ్చి ఒక శాండ్‌విచ్ తినండి" అన్నాడు మామయ్య.

ఆ మనిషి వచ్చాడు! ఎందుకొచ్చాడో ఇప్పటికీ తెలియదు. తడుస్తూ నిలబడి శాండ్‌విచ్ తిని, "అవునండోయ్, ఇక్కడ హాయిగానే ఉంది" అన్నాడు. మా మామయ్య ధీమాలో అలాంటి అంటువ్యాధి ఏదో ఉండేది.

ఇలా ఏళ్లు గడిచాయి. కీత్‌కి మీసాలొచ్చాయి. నేను బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరాను, అక్కడ డంకన్‌ని ఇష్టపడ్డాను. మా వాళ్లకి చూపించాలంటే కాటేజీ వారాన్ని మించిన సమయం లేదని వెంటబెట్టుకుని వచ్చాను. అతను మంచివాడు, నెమ్మదస్తుడు, అబద్ధం ఆడటం చేతకానివాడు. అన్నీ బాగున్నాయి గానీ అతని ఉద్యోగంతోనే చిక్కొచ్చింది. డంకన్ విమానాశ్రయంలో వాతావరణం చెప్పే ఆఫీసులో పనిచేసేవాడు.

మొదటి సాయంత్రం భోజనాల దగ్గర మామయ్య ప్రకటించాడు. "రేపు జలపాతం దగ్గర పిక్నిక్. ఎండ దంచేస్తుంది, టోపీలు మర్చిపోకండి."

డంకన్ ఎంతో వినయంగా అన్నాడు. "రేపు వద్దేమోనండీ. పడమటి నుంచి వాయుగుండం వస్తోంది. పొద్దుటి నుంచి భారీ వర్షం."

మామయ్య ఫోర్కు మీది బంగాళాదుంప మళ్లీ పళ్లెంలో పడింది.

"భారీ ఏమిటి బాబూ?"

"వర్షమండీ."

"ఆ, మీ పక్క ఉంటుందేమోలే. ఏ ఊరు నాయనా మీది?"

"లీడ్స్ అండీ. కానీ ఇప్పుడు కూడా పడుతూనే ఉంది" అని డంకన్ కిటికీ వైపు చూపించాడు. "అదుగో."

బల్ల కింద నేను అతని కాలు తొక్కాను. తప్పి కీత్ కాలు తొక్కాను. కీత్ కెవ్వుమన్నాడు. అమ్మ పళ్లేలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మామయ్య ఆమె వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహంలో ధీమా తగ్గడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న డంకన్ అన్న మాట అక్షరాలా నిజమైంది. మేమిద్దరం బుట్టలు కారులో పెడుతుంటే అత్తయ్య వచ్చి వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. మమ్మల్నీ ఎక్కమంది.

"చూడు డంకన్, నువ్వు చెప్పింది తప్పని నేననను. నెత్తి మీద పడేదేమిటో నాకూ తెలుసు. ముప్పొద్దులా ఆయన సాక్సులు పిండేది నేనే. కానీ ఇదెలా మొదలైందో నీకు తెలియాలి. నీకూ తెలీదు లోర్నా, నువ్వప్పుడు చిన్నపిల్లవి."

నాన్న వెళ్లిపోయిన ఏడాది అది. అంతకు ముందు ఎక్కడికి వెళ్లాలన్నా నాన్నే చూసుకునేవాడు. ఆ వేసవిలో అమ్మ మొదటిసారి తనంతట తాను ఈ కాటేజీ వెతికి, మాట్లాడి, మా అందరినీ రమ్మంది. మేం కారు దిగేసరికి వాన మొదలైంది. ఇక ఆగలేదు. అమ్మ పెట్టె విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఒక్క పనీ నా చేత సరిగ్గా కాదు వదినా" అందట. "పిల్లలకున్నది ఒక్క వారం. అదీ పాడుచేశాను. ఆయన అన్నట్టే నాకేమీ చేతకాదు. ఇంటికి పోదాం."

అప్పుడే మామయ్య సామాన్లు మోసుకుని లోపలికి వచ్చాడు. టోపీలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇంటికా? ఎందుకూ?"

"వాన పడుతోంది కదన్నయ్యా."

"ఎక్కడ?" అని సామాన్లు అక్కడే దించేసి, మళ్లీ వాకిట్లోకి వెళ్లి, రెండు చేతులూ చాపి, నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడట. నిలువునా తడిసి ముద్దయి లోపలికి వచ్చి, "అంతా వెతికానమ్మా. లేదే!" అన్నాడట.

"బెరిల్ నవ్వేసింది" అంది అత్తయ్య. "మీ నాన్న వెళ్లిపోయాక అది నవ్వడం నేనప్పుడే చూశాను. ఆ నవ్వు కోసం మీ మామయ్య ఇన్నేళ్లుగా తడుస్తూనే ఉన్నాడు. దాని సెలవు దేవుడొచ్చినా పాడుచెయ్యకూడదని ఆయన పట్టు. ఇప్పుడు నువ్వొచ్చి వాయుగుండం అంటావు. ఇక నీ ఇష్టం నాయనా."

డంకన్ జలపాతం చేరేదాకా కారు వైపర్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

అక్కడ ఏది జలపాతమో ఏది కాదో తెలియడం లేదు. కొండంతా నీళ్లే. "ఈ ఏడు జలపాతం కాస్త వెడల్పు చేశారు, బాగుంది" అన్నాడు మామయ్య. అన్నాడు గానీ, గొంతులో మునుపటి బలం లేదు. మాటిమాటికీ డంకన్ వంక చూస్తున్నాడు. చాప పరిచాం. పరవగానే అందులో చెరువు కట్టింది. అత్తయ్య చేసిన పళ్ల కేకు పళ్లెంలో మెల్లగా తేలడం మొదలుపెట్టింది.

అప్పుడు అమ్మ తన కప్పు పక్కన పెట్టి, డంకన్ వైపు తిరిగింది.

"నువ్వు చదివింది అదే కదా బాబూ. నీ ఉద్యోగమూ అదే. నువ్వే చెప్పు. ఇది వానేనా?"

కీత్ నమలడం ఆపేశాడు. మామయ్య తలొంచుకుని చాప అంచు సరిచేయసాగాడు.

డంకన్ కళ్లజోడు తీశాడు. తుడుచుకోవడానికి పొడి గుడ్డ దొరక్క మళ్లీ పెట్టుకున్నాడు. ఆకాశం వైపు చూశాడు. ఒక పెద్ద చినుకు సరిగ్గా కంట్లో పడింది. అరచెయ్యి చాపాడు, అది నిండింది. నిండిన నీళ్లని ఎంతో శ్రద్ధగా పరీక్షించాడు.

"కాదండీ" అన్నాడు.

"మరి?"

"జలపాతం తుంపరండీ. గాలివాటున ఇటు కొడుతోంది."

గాలి మా వైపు నుంచి జలపాతం వైపు వీస్తోంది. అది మామయ్య కూడా గమనించాడు. గమనించి, పెద్దగా ఊపిరి పీల్చుకుని, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"విన్నావా బెరిల్? ఆఫీసువాడు చెప్పాడు! గవర్నమెంటు మాట!" అని డంకన్ వీపు మీద చరిచాడు. ఆ దెబ్బకి అతని కోటులోంచి నీళ్లు చిమ్మాయి. "ఆడ్రీ, అబ్బాయికి కేకు పెట్టు. పెద్ద ముక్క!"

డంకన్‌ని పెళ్లి చేసుకోవాలని నేను అంతకు ముందే అనుకున్నాను. అయితే ఆ కేకు ముక్కని అతను చెంచాతో తాగుతుంటే చూశాక, ఇక అతను అడిగేదాకా ఆగకుండా నేనే అడిగెయ్యాలనిపించింది.

మధ్యాహ్నం కాటేజీకి వచ్చి, వంటింట్లో అమ్మా నేనూ పొయ్యి దగ్గర తడిబట్టలు పిండుతున్నాం. ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మా, నీకు నిజంగా తెలియదా? అది వానని?"

అమ్మ చేతిలోని సాక్సు పిండటం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నాకేమన్నా కళ్లు లేవనుకున్నావా? మొదటి రోజు నుంచీ తెలుసు. మీ మామయ్య అంత తడిసి, అంత ఆనందంగా కాదు కాదంటుంటే, అవునని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? మనం నమ్ముతున్నామనే కదా ఆయన సంబరం."

"మరి డంకన్‌ని ఎందుకడిగావు?"

"నువ్వు తెచ్చినవాడు మన ఇంట్లో ఇముడుతాడో లేదో చూద్దామని." అమ్మ సాక్సు పొయ్యి మీద తాడుకి తగిలించింది. "లెక్కలు తెలిసినవాడు కదా, వానేనని మొండికేస్తాడేమోనని భయపడ్డాను. పర్లేదు. మంచి పిల్లాడు. చేసుకో."

వాకిట్లోంచి మామయ్య గొంతు వినబడింది. డంకన్‌ని వెంటబెట్టుకుని మర్నాటి ప్రయాణం ఖాయం చేస్తున్నాడు. కొండెక్కే బుల్లి పొగబండిలో వెళ్లాలట. పెట్టెలకి కప్పు లేని బండే ఎక్కాలట.

"మరీ ఎండగా ఉంటుందేమోనండీ" అంటున్నాడు డంకన్.

"అదే నా భయమూను!" అన్నాడు మామయ్య.

అమ్మ కిటికీ తెరిచింది. జల్లు లోపలికి కొట్టి మా ఇద్దరి మొహాలూ తడిపింది. ఆమె తల బయటపెట్టి, గొంతెత్తి కేకేసింది.

"అన్నయ్యా! ఈవేళ్టి ఎండకి నా మెడ కమిలిపోయింది. రేపు నన్ను నీడపట్టున కూర్చోబెట్టాలి!"

బయట వానలో మా మామయ్య మొహం వెలిగిపోయింది.

"తప్పకుండానమ్మా! నీడ పక్క సీటు నీదే!"