చేత్తోనే తెంపాలట

నా చిన్నప్పుడు నాకు మాటలు నేర్పింది మా చిన్నమ్మ. మాది కరీంనగర్ దిక్కు మగ్గం ఇల్లు. నూలు కండెలు చుడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పూలు తెంపాలి, కూర తరగాలి, వరి కొయ్యాలి, కట్టె నరకాలి అని చెప్పేది. నేను తంగేడు పూలు నరుక్కొస్తానంటే పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు మా నాయనమ్మకు గిట్టేది కాదు.

చిన్నమ్మ మొగుడు, మా చిన్నబాపు, జ్వరం వచ్చి పోయాడు. కొడుకు పోయిన దుఃఖమంతా నాయనమ్మ కోడలి మీదికే మళ్లించింది. దినాల నాడు పెరట్లో బావి దగ్గర చిన్నమ్మను కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, పుస్తెల తాడు పట్టుకున్నారు. దానికి ఇనుము తగలకూడదట, చేత్తోనే తెంపాలట.

మా ఇళ్లలో ఆ తాడు బజారులో కొనరు. మగ్గం నూలు పేని, పసుపు రాసి, ఎవరిది వాళ్లే చేసుకుంటారు. చిన్నమ్మ పేనితే తెగే తాడా అది! ఇద్దరు ముసలమ్మలు చెరో పక్క గుంజుతుంటే తెగక, మెడలోకి దిగింది. ఆమె కళ్లు తేలేసింది.

"జర నిమ్మలంగ గుంజుండ్రి, పాణం పోతది" అంది నన్ను కన్న మా అవ్వ.

"పోతే పోనియ్. నా కొడుకు పోలేదా? గుంజుండ్రే!" అంది నాయనమ్మ.

నేను ఇంట్లోకి ఉరికి కత్తెర తెచ్చాను. నాయనమ్మ నా చెంప ఛెళ్లుమనిపించింది. కింద పడ్డ కత్తెరను చిన్నమ్మే అందుకుంది. తాడు కోసి, పుస్తెలు అత్త ఒళ్లో పెట్టింది. మెడ చుట్టూ నెత్తురు.

ఇక ఊరంతా ఒకటే మాట. మిగతా ఆడవాళ్లకు పుస్తె తెంపారు, మా చిన్నమ్మ మాత్రం "కోసుకున్నది". మొగుడి గొంతు కోసినట్టే చెప్పుకున్నారు, పాడు నోళ్లు! నాయనమ్మ ఆమెను మగ్గం ముట్టనియ్యలేదు, అన్నం గడప బయట పెట్టించింది. ఆఖరికి చిన్నమ్మ హుజూరాబాద్‌లోని పుట్టింటికి పోయింది. పోతూ నా చెంప నిమిరి, "దెబ్బ గట్టిగ తాకిందా బిడ్డా" అని అడిగింది. తన మెడ సంగతే ఎత్తలేదు.

మొన్న మా ఆయన పోయినప్పుడు, ముసలమ్మలు రాకముందే నా పుస్తెల తాడు నేనే కత్తెరతో కోసి కోడలి చేతిలో పెట్టాను. వాళ్లు వచ్చి ముక్కున వేలేసుకున్నారు.

"గిదేం పని?" అంది ఒకామె.

"నా మెడ, నా చేతులు. మీకు గీడ పనేం లేదు, చాయ తాగి పోండ్రి" అన్నాను.

ఊళ్లో నన్ను ఏమంటున్నారో నాకు తెలుసు. అననీ. ఇన్నేళ్లు చిన్నమ్మ ఒక్కతే మోసిన మాటను ఇప్పుడు నేనూ మోస్తున్నాను.